‘తొంభై శాతం అయిపోయింది మేడమ్’

సైట్‌లో ఎవర్నైనా పట్టుకుని పని ఎంతవరకూ వచ్చిందని అడగండి. తొంభై శాతం అంటారు. ప్లాస్టరింగ్ మేస్త్రీ అదే అంటాడు, ప్లంబరూ అదే అంటాడు, లిఫ్టు బిగించేవాళ్ళూ అదే అంటారు. వారం పోయాక మళ్ళీ అడగండి, అప్పుడూ తొంభయ్యే. అబద్ధం చెబుతున్నారని కాదు. దూరం నుంచి కంటికి ఆనేదంతా నిజంగానే అయిపోయి ఉంటుంది. కిటికీ చుట్టూ అంచులు తీర్చడం, ఎలక్ట్రీషియన్ గోడ కోసి వదిలేసిన గాడి పూడ్చడం, బాత్రూమ్‌లో పైపుల వెనక జానెడు గోడ, ఇలాంటివి మిగులుతాయి. ఆ జానెడు గోడ కోసం మళ్ళీ మాలు కలపాలి, మళ్ళీ పరంజా కట్టాలి, వేరే టవర్‌కి వెళ్ళిపోయిన మనిషిని బతిమాలి వెనక్కి పిలవాలి. ఆఖరి పది శాతానికి పట్టే గంటలు ఆ నోటి లెక్కలో ఉండవు.

నేను బిల్లింగ్ ఇంజనీర్ని. అనంతపురం జిల్లా పల్లెలో పుట్టి, పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, ఇప్పుడు హైదరాబాద్ పడమటి అంచున టవర్లు లేస్తున్న చోట పని చేస్తున్నాను. మా ప్లానింగ్ ఇంజనీర్ గల్ఫ్ వెళ్ళిపోతే ఆ కుర్చీ కూడా నాకే తగిలించారు. జీతం మాత్రం ఒక్క కుర్చీదే వస్తోంది. కాకపోతే ఒక లాభం లేకపోలేదు. అంతకుముందు నా లోకమంతా ఎం-బుక్కు, అంటే కొలతలు రాసే పుస్తకం: ఎన్ని చదరపు మీటర్ల గోడ, ఎన్ని టన్నుల స్టీలు, ఎంత బిల్లు. ఇప్పుడు టైమ్ ఆఫీసు నుంచి హాజిరీ షీట్లు కూడా నా టేబుల్ మీదికే వస్తున్నాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళు మన సైట్లలో చాలా తక్కువ. హాజిరీలు చూసేవాళ్ళు ఎంతమంది వచ్చారో చూసి వదిలేస్తారు, ఎం-బుక్కు చూసేవాళ్ళు ఎంత కట్టారో చూసి వదిలేస్తారు. మనుషులు వచ్చారు గానీ పని కదల్లేదే అన్న ప్రశ్న వచ్చినప్పుడు అది నేరుగా మేస్త్రి నెత్తిన పడుతుంది. నా గొడవంతా దాని గురించే.

ముందు హాజిరీ సంగతి చెప్తాను. ఉదయం 8కి లోపలికొచ్చి సాయంత్రం 5కి బయటికి వెళ్తే, మధ్యలో గంట భోజనం తీసేసి, ఒక హాజిరీ. రాత్రి 9 దాకా ఉంటే డేఢ్ హాజిరీ, అంటే ఒకటిన్నర. బెంగాల్ రాడ్ బెండర్లు, ఒడిశా సెంట్రింగ్ వాళ్ళు, రాజస్థాన్ టైల్స్ వాళ్ళు, మన పాలమూరు, శ్రీకాకుళం వాళ్ళు, ఎవరి భాష వాళ్ళదైనా హాజిరీ లెక్క మాత్రం అందరికీ ఒకటే. ఇక్కడే ఒక కూడిక చేసి చూడండి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలంది. 5 నుంచి 9 దాకా నాలుగు గంటలు. రెట్టింపు వేస్తే ఎనిమిది గంటల కూలి, అంటే ఇంకో పూర్తి హాజిరీ. చట్టం ప్రకారం ఆ మనిషికి ఆ రోజు రెండు రావాలి, షీట్‌లో మాత్రం ఒకటిన్నరే ఉంటుంది. ఆ పోయిన అర హాజిరీ గురించి టైమ్ ఆఫీసులో అడిగితే, అది సబ్ కాంట్రాక్టర్‌కీ లేబర్‌కీ మధ్య విషయం అంటారు.

ప్లానింగ్ వైపు నుంచి చూస్తే ఒకటిన్నరలో ఇంకో తిరకాసు ఉంది. షీట్‌లో ఒకటిన్నర పడింది కాబట్టి పని కూడా ఒకటిన్నర రెట్లు జరిగిందని మా ఎక్సెల్ నమ్ముతుంది. పొద్దుటి నుంచి బ్లాకులు మోసిన మనిషి రాత్రి ఎనిమిదింటికి ఫోకస్ లైటు వెలుగులో ఎంత కడతాడో, ఎలా కడతాడో పొద్దున గోడ నిటారుగా ఉందా అని ప్లంబు పట్టి చూస్తే తెలుస్తుంది. నెలలో రెండు మూడు స్లాబులకి రాత్రి పని చేస్తే అర్థం ఉంది. కాంక్రీటు పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపలేం. వారాల తరబడి రోజూ ఒకటిన్నర రాసుకుంటూ పోతే రానురానూ ఒకటిన్నర హాజిరీలో వచ్చే పని తగ్గుతూ మామూలు హాజిరీ పనికి దగ్గరపడుతుంది. కూలి మాత్రం ఒకటిన్నరకి ఇస్తాం.

గేటు దగ్గర మొహం చూసి గుర్తుపట్టే మిషన్ పెట్టారు. మంచిదే. దొంగ పేర్లు పోయాయి, ఒకడి బదులు ఇంకొకడు సంతకం పెట్టే రోజులు పోయాయి. అయితే ఆ మిషన్ కొలిచేది మనిషి గేటు దాటిన టైము. గోడ దగ్గరికి చేరిన టైము దానికి తెలీదు. ముప్పై అంతస్తుల టవర్‌లో ఈ రెంటికీ మధ్య హాయిస్టు ఉంటుంది, అంటే మనుషుల్నీ సామాన్నీ పైకి చేర్చే సైటు లిఫ్టు. లెక్క తేలిగ్గా ఉండటానికి గుండ్రని అంకెలు తీసుకుంటాను. 300 మంది పైకి వెళ్ళాలి. హాయిస్టులో ట్రిప్పుకి 25 మంది పడతారు. పైకెళ్ళి దింపి రావడానికి 6 నిమిషాలు. అంటే 12 ట్రిప్పులు. మొదటి ట్రిప్పు వాళ్ళు ఆగేది లేదు, ఆఖరి ట్రిప్పు వాళ్ళు 66 నిమిషాలు కింద నిలబడతారు. సగటున మనిషికి 33 నిమిషాలు. 300 మందికీ కలిపితే 165 గంటలు, అంటే 20 మంది రోజంతా చేసే పని. ఇది ఒక్క ఉదయం పూట లెక్క. భోజనానికి దిగి మళ్ళీ ఎక్కేది ఇందులో కలపలేదు. బ్లాకులు, సిమెంటు, టైల్స్ కూడా అదే హాయిస్టులో వెళ్తాయన్నది కూడా కలపలేదు. ఈ 165 గంటలూ హాజిరీ షీట్‌లో పని గంటలుగానే పడతాయి. నెలాఖరున మీటింగ్‌లో ‘లేబర్ ప్రొడక్టివిటీ పడిపోయింది’ అన్న మాట వినపడినప్పుడల్లా నాకు ఈ క్యూ గుర్తొస్తుంది.

పడిపోయిందనాలంటే ఎక్కడి నుంచి పడిందో తెలియాలి కదా. పాలిటెక్నిక్‌లో ఎస్టిమేషన్ సబ్జెక్టులో బట్టీ పట్టిన పట్టిక ఒకటి ఉంటుంది: ఒక మేస్త్రి రోజుకి పునాది పైన ఇటుక కట్టుబడి 1 ఘనపు మీటరు, పునాదిలో అయితే 1.25, 12 మిల్లీమీటర్ల ప్లాస్టరింగ్ 8 చదరపు మీటర్లు. ఇవి పరీక్షలో మార్కులకి పనికొస్తాయి, సైట్‌లో మొదటి అంచనాకి పనికొస్తాయి. దేశానికి ప్రమాణాలు రాసే అప్పటి సంస్థ ఐఎస్‌ఐ కూడా 1974లో ఐఎస్ 7272 అని ఒక ప్రమాణం తెచ్చింది, ఏ పనికి ఎంతమంది మేస్త్రీలు, ఎంతమంది కూలీలు పడతారో చెప్పేది. దాని మొదటి భాగం ఉత్తర మండలానికి. మే నెలలో మన ఎండకి, ఇరవయ్యో అంతస్తులో, ఏఏసీ అనే తేలిక కాంక్రీటు బ్లాకుతో కట్టే గోడకి ఆ పాత అంకెలు పట్టుకొచ్చి ‘స్టాండర్డ్ ఇది, మీరెందుకు తక్కువ’ అంటే ఏ మేస్త్రయినా నవ్వుతాడు. నవ్వకపోతే మర్యాద కోసమే.

నా మటుకు నేను ఆ పట్టికల్ని పక్కన పెట్టి మా సైట్ అంకెల్నే వాడతాను. ఒక ఫ్లోర్ ఏ అడ్డంకీ లేకుండా సాఫీగా నడిచినప్పుడు ఎన్ని గంటలు పట్టిందో అదే నా కొలబద్ద. బయటి అంకెతో పోలిస్తే మనుషుల మీద అనుమానం వస్తుంది. మన సొంత మంచి వారంతో పోలిస్తే, ఆ వారం ఉన్నది ఈ వారం ఏం లేదన్న ప్రశ్న వస్తుంది.

ఇక కొలత. ఇందులో నాకు నచ్చే భాగం ఇదే. ఒప్పుకుంటాను, టేపు పట్టుకుని మేస్త్రితో వాదించడం నాకిష్టం. కూలి లెక్కన చేసేవాళ్ళతో ఈ వాదన రాదు, గుత్తకి చేసేవాళ్ళతోనే వస్తుంది. మా ప్లాస్టరింగ్ మేస్త్రి పాలమూరు మనిషి, నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద. చదువు రాదంటాడు గానీ కట్టడం పనుల్ని ఎలా కొలవాలో చెప్పే ఐఎస్ 1200 ప్రమాణం మొత్తం ఆయన నాలుక మీద ఉంటుంది, ఆ నంబరు ఎన్నడూ వినకపోయినా. కన్నాల లెక్క చూడండి. అర చదరపు మీటరు లోపు కన్నం ఉంటే ప్లాస్టరింగ్‌లో తగ్గించకూడదు. బాత్రూమ్ వెంటిలేటర్ రెండడుగులు బై అడుగున్నర, 0.28 చదరపు మీటర్లు, కాబట్టి గోడ మొత్తానికీ డబ్బు ఇవ్వాలి. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక వైపు మాత్రమే తగ్గించాలి, లోపలి అంచులకి వేరే డబ్బు లేదు. నాలుగు బై నాలుగు కిటికీ దీంట్లో పడుతుంది. 3 దాటితే రెండు వైపులా తగ్గించి, అంచులు విడిగా కొలిచి ఇవ్వాలి. బాల్కనీ స్లైడింగ్ డోర్ ఎనిమిది బై ఏడు, 5 చదరపు మీటర్ల పైనే, దానికి అంచులన్నీ టేపు పెట్టి కొలవాల్సిందే.

“ఏంది మేడమ్, కిటికీ రెండు దిక్కులా కొట్టేసినవ్?” అంటాడు, నేను కొట్టేయక ముందే.

“ఒక దిక్కే అన్నా, చూడు.”

“అయితే మంచిగున్నది. బాల్కనీ అంచులు రాసినవా?”

రాశానని చూపిస్తాను. ఎం-బుక్కులో గీత గీసిన చోట నేను సంతకం పెడతాను, ఆయన పేరు కూడబలుక్కుంటూ రాస్తాడు. ఆయన నాన్న ప్రాజెక్టుల మీద మట్టి పనికి తిరిగిన మనిషట. గుంత తవ్వేటప్పుడు మధ్యమధ్య మట్టి దిమ్మెలు తవ్వకుండా వదిలేసేవాళ్ళు, ఆ దిమ్మె ఎత్తు కొలిస్తే గుంత లోతు తేలేది. కొలత తీసేదాకా దిమ్మెని ఎవరూ ముట్టుకోకూడదు. రాత్రిళ్ళు దిమ్మె మీద పిడికెడు మట్టి పెట్టి ఎత్తు పెంచేవాళ్ళు కూడా ఉండేవాళ్ళని నవ్వుతూ చెప్పాడు. పైన గడ్డి వేర్లు కనపడకపోతే ఓవర్సీరు పట్టేసేవాడట.

డబ్బు కోసం తీసే కొలత ఇలా పకడ్బందీగా ఉంటుంది. ఎందుకంటే ఇరువైపులా నష్టపోయేవాళ్ళు ఉన్నారు, ఇద్దరూ కళ్ళు తెరుచుకుని ఉంటారు. ప్రోగ్రెస్ రిపోర్టుకి మాత్రం ఆ కాపలా లేదు. ‘బ్లాక్ వర్క్ 70 శాతం’ అని ఎవరో ఫోన్‌లో చెబుతారు, జూనియర్ టైపు చేస్తాడు, హెడ్డాఫీసులో అది రంగురంగుల గ్రాఫు అవుతుంది. ఆ 70 ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు.

దీనికి మందు పాతదే, కొత్తగా నేను కనిపెట్టింది ఏమీ లేదు. పనిని మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు దాటితే ఎంత శాతమో ముందే రాసిపెట్టుకోవాలి. మెట్టు దాటితే ఆ శాతం, దాటకపోతే సున్నా. మధ్యలో బేరాల్లేవు. మా సైట్‌లో ప్లాస్టరింగ్‌కి పెట్టుకున్నవి ఇవి: కాలమ్‌కీ గోడకీ అతుకు దగ్గర చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కొట్టి, ప్లాస్టరింగ్ మందం చూపే బుల్ మార్కులు పెడితే 15. ప్లాస్టరింగ్ కోటు పూర్తయితే ఇంకో 60. కిటికీలు, తలుపుల అంచులు తీరిస్తే 10. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ చేతులు దులుపుకున్నాక ప్యాచ్‌లు పూడ్చి, ఫ్లాటు ఊడ్చి, పెయింటర్‌కి అప్పజెబితే ఆఖరి 15. ఈ ఆఖరి 15 పెట్టిన నెలలో మా ప్లాస్టరింగ్ శాతం ఒక్కసారిగా పడిపోయింది. మీటింగ్‌లో వెనక్కి నడుస్తున్నామా అని అడిగారు. గోడలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి సార్, కొలత మారింది అన్నాను. అదెవరికీ నచ్చలేదు.

స్లాబు దగ్గర ఇంకా పెద్ద తగాదా. స్లాబు పడే రోజు సైటు పెళ్ళిల్లులా ఉంటుంది. పంపు వచ్చి నిలబడుతుంది, ట్రాన్సిట్ మిక్సర్లు వరసగా వస్తాయి, ప్రాజెక్ట్ మేనేజర్ కొత్త హెల్మెట్‌తో ఫొటో దిగుతాడు. ఆ సాయంత్రానికల్లా ‘14వ స్లాబ్ కంప్లీటెడ్’ అని వాట్సాప్ గ్రూపులో పడుతుంది. నిజానికి ఆ స్లాబుకి పట్టిన గంటల్లో ఎక్కువ భాగం అంతకుముందు సెంట్రింగ్‌లోనూ స్టీల్లోనూ పోయింది. పోత ఒక్క రోజు పని. పోసిన తర్వాత కథ ఇంకా ఉంది. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో పోసిన మామూలు వాతావరణంలో కూడా, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబు కింద దన్నుగా నిలిపే ప్రాప్‌లు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీమ్ కింద 6 మీటర్ల లోపయితే 14, మించితే 21 రోజులు. అన్నాళ్ళూ ఆ కింది ఫ్లోర్‌లో నడవడానికే దారి ఉండదు, గోడ కట్టేదెక్కడ? అందుకని మా షీట్‌లో సెంట్రింగ్‌కి 40, స్టీలుకి 30, పోతకి 20 ఇచ్చి, ప్రాప్‌లు తీసి, కాంక్రీటులో తేనెతుట్టెల్లా మిగిలిన ఖాళీలు పూడ్చి, ఫ్లోర్ ఖాళీ చేసి బ్లాక్ వర్క్ వాళ్ళకి అప్పజెప్పిన రోజు ఆఖరి 10 వేస్తున్నాను. స్లాబులు 14 పడ్డాయి గానీ అప్పజెప్పినవి 9 అని రాస్తే మార్కెటింగ్ వాళ్ళు నా మీద అలిగారు.

అలగడానికి కారణం ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో కొనేవాళ్ళు కట్టే వాయిదాలు స్లాబుల లెక్కన ఉంటాయి. ఐదో స్లాబు పడితే ఇంత, పదో స్లాబు పడితే ఇంత. బ్యాంకు వాళ్ళు కూడా దాన్నిబట్టే లోన్ విడుదల చేస్తారు. కాబట్టి డబ్బంతా స్లాబుల్ని పైకి లాగుతుంది. గోడలు, పైపులు, ప్లాస్టరింగ్, లిఫ్టులు, వీటికి వాయిదాలు చిన్నవి, కాబట్టి వీటిని లాగేవాళ్ళు ఉండరు. బయటి నుంచి చూస్తే ముప్పై అంతస్తులు నిలబడి ఉంటాయి, లోపల ఐదో ఫ్లోర్ దాటి గోడ లేదు. ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళని అదుపు చేసే రెరా చట్టం 2016లో వచ్చాక కొంత పగ్గం పడింది. కొనేవాళ్ళ దగ్గర వసూలు చేసిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో పెట్టాలి, ఎంత శాతం పని జరిగిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరిస్తేనే ఆ నిష్పత్తిలో బయటికి తీయాలి. మంచి ఏర్పాటు. ఇక్కడ కూడా మళ్ళీ అదే ప్రశ్న, ఆ శాతం ఎలా లెక్క కట్టారని. ఫ్లాటు కొన్నవాళ్ళు సైటుకొస్తే పైకి చూసి స్లాబులు లెక్కపెట్టుకుని వెళ్ళిపోతారు. నన్నడిగితే స్లాబులు కాదు, ప్రాప్‌లు లేని ఫ్లోర్లు లెక్కపెట్టమంటాను.

హాజరు ఒకచోట, కొలత ఒకచోట అన్న ఈ తిప్పలు టవర్లకే కాదు, మా ఊళ్ళోనూ ఉన్నాయి. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. మా పిన్ని అప్పటి నుంచీ వెళ్ళింది, కరువు పని అంటుంది ఇప్పటికీ. ఆ పనిలో కూలి గంటలకి కాదు, గ్రూపు మొత్తం తవ్విన గుంత కొలిచి పంచేవాళ్ళు. ఎర్ర మట్టిలో తవ్వినవాళ్ళకీ మొరంలో తవ్వినవాళ్ళకీ ఒకే రేటు వేయకూడదని పట్టికలో ఉండేది, ఎండాకాలం భత్యం కూడా ఉండేది. తర్వాత సెల్‌ఫోన్ హాజరు వచ్చింది. 2022 మే నుంచి 20 మంది, అంతకు మించి ఉన్న చోట్ల, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని చోట్లా, రోజుకి రెండుసార్లు ఫొటో. పొద్దున్నే వెళ్ళి ఎండెక్కే లోపల గుంత పూర్తి చేసుకుని ఇంటికొచ్చేవాళ్ళు రెండో ఫొటో కోసం మళ్ళీ ఎదురుచూడాల్సి వచ్చింది.

“గుంత కొలిచి దుడ్లిచ్చేటప్పుడు ఫోటో ఎందుకుమ్మా? ఫోటోకే దుడ్లిచ్చేటట్లయితే గుంత ఎందుకు?” అని అడిగింది పిన్ని. నేను ఇంజనీర్ని కదా, నాకు తెలుసనుకుంది. ఇంటికొచ్చాక కూడా జవాబు దొరకలేదు. రెండూ కలిపి పెట్టినప్పుడు, రెంటిలో ఏది తక్కువైతే దాని ప్రకారం కూలి తగ్గుతుందన్నది మాత్రం ఆమెకి నాకన్నా ముందే తెలుసు.

పుస్తకాల్లో ఈ రెంటినీ కలిపే పద్ధతి ఉంది. అమెరికా రక్షణ శాఖ 1967లో తన కాంట్రాక్టర్లకి 35 నియమాలు పెట్టింది, ఇవాళ ప్రైమవేరా అనే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎర్న్‌డ్ వేల్యూ అని మనం నొక్కే బటన్‌కి మూలం అదే. పెద్ద పేరు గానీ లోపల ఉన్నది మూడో తరగతి లెక్క. ఒక ఫ్లోర్‌లో 1,600 చదరపు మీటర్ల ప్లాస్టరింగ్ ఉందనుకోండి. మేస్త్రికి రోజుకి 8 చొప్పున 200 మేస్త్రి రోజులు. మెట్ల లెక్క ప్రకారం 60 శాతం అయింది, అంటే 120 రోజుల పని చేతికొచ్చింది. హాజిరీ షీట్ తీస్తే 150 రోజులు పోయాయి. 120ని 150తో భాగిస్తే 0.8. రూపాయి పెడితే 80 పైసల పని వచ్చింది. మేస్త్రి నోట 90 శాతం విని ఊరుకుంటే ఈ 0.8 మనకి ఆఖరి బిల్లు దాకా కనపడదు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. 0.8 వచ్చింది, ఇంకో గ్యాంగు దింపండి అని ఆర్డరు వేస్తారు. దాంతో హాయిస్టు క్యూ ఇంకా పెరుగుతుంది. ఆ పోయిన 30 రోజులు ఎటు పోయాయో వెతకడం ఎవరికీ ఇష్టం ఉండదు, వెతికితే దారి మేస్త్రి వైపు కాకుండా ఆఫీసు వైపు వెళ్తుంది కాబట్టి.

అందుకే రోజువారీ రిపోర్టులో ఒక గడి పెంచాను. గ్యాంగు ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది. నీళ్ళు రాలేదు, బ్లాకులు పైకి చేరలేదు, డ్రాయింగ్ మారింది, కరెంటు పైపులు పూర్తి కాలేదు, ప్రాప్‌లు తీయలేదు, హాయిస్టు రిపేరు. సూపర్‌వైజర్లు మొదట్లో ఆ గడి ఖాళీగా వదిలేసేవాళ్ళు. అడిగితే ఒక కుర్రాడు గొంతు తగ్గించి, “ఇది రాస్తే మన మీదికే వస్తది కదా మేడమ్” అన్నాడు. నిజమే. అందుకే రాయమన్నాను. కొన్నాళ్ళకి మెల్లగా నిండటం మొదలైంది. నిండాక చూస్తే ‘లేబర్ రాలేదు’ అన్న కారణం అడుగున ఉంది, పైనున్నవన్నీ మేము ఇవ్వాల్సినవి ఇవ్వకపోవడం వల్ల ఆగినవే. కూలి లెక్కన తెచ్చిన డిపార్ట్‌మెంట్ లేబర్ అయితే ఆగిన గంటకి మేమే డబ్బు కడతాం, కనీసం ఖర్చు కనపడుతుంది. గుత్త వాళ్ళయితే ఆగిన గంట వాళ్ళ జేబులోంచి పోతుంది, మా షీట్లో ఎక్కడా పడదు. పడదు కాబట్టి ఎవరూ తొందరపడరు.

ఈ మాట మీటింగ్‌లో అంటే ప్రాజెక్ట్ మేనేజర్, “గుత్తకి తీసుకున్నప్పుడు అన్నీ చూసుకునే రేటు చెప్పి ఉంటాడు కదమ్మా” అన్నారు. చెడ్డ మనిషి కాదు, ఆయన మీదా నెలవారీ టార్గెట్ ఉంది. రేటు చెప్పిన రోజున హాయిస్టు ఒక్కటే ఉంటుందని గానీ, మాస్టర్ బెడ్‌రూమ్ టైల్ డిజైన్ మధ్యలో మారుస్తారని గానీ మేస్త్రికి ఎవరూ చెప్పలేదు.

టైల్స్ మేస్త్రి రాజస్థాన్ అతను, మనిషి మితభాషి. అతని దగ్గర చిన్న పాకెట్ డైరీ ఉంది. ఒకసారి కొలతల్లో తేడా వచ్చి దాన్ని అడిగి తీసుకున్నాను. రాత హిందీలో, అంకెలు మాత్రం నాకు అర్థమయ్యాయి. ఫ్లాటు నంబరు, ఆ రోజు విప్పిన టైల్ పెట్టెలు, ఎంతమంది మనుషులు, ఎన్నింటికి ఫ్లాటు చేతికిచ్చారు, ఎన్నింటికి నీళ్ళు వచ్చాయి. పెట్టెకి ఎన్ని చదరపు అడుగులో పెట్టె మీదే ఉంటుంది కాబట్టి అతని ప్రోగ్రెస్‌కి టేపు కూడా అక్కర్లేదు. నేను ప్రైమవేరా పెట్టుకుని చేస్తున్నది అతను జేబులో పెన్సిల్‌తో చేస్తున్నాడు, నాకంటే శుభ్రంగా.

ఆ డైరీ పేజీల్ని మా రోజువారీ రిపోర్టులోని ఆగిన గడితో సరిపోల్చి చూస్తే చాలావరకూ కలిశాయి. కలిసిన గంటలవరకూ తీసి, ‘వర్క్ ఫ్రంట్ ఇవ్వనందున ఖాళీ కూలి’ (అంటే పని చేసే చోటు మేము అప్పజెప్పనందుకు) అని ఒక ఐటమ్ రాసి, ఈసారి అతని ఆర్‌ఏ (రన్నింగ్ అకౌంట్) బిల్లులో కలిపాను. కాంట్రాక్టులో అలాంటి ఐటమ్ లేదని ప్రాజెక్ట్ మేనేజర్ పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టారు, అయితే కొట్టేయకుండా సంతకం చేసి పైకి పంపారు. బిల్లు ఇప్పుడు హెడ్డాఫీసు ఆడిట్‌లో ఉంది. సపోర్టింగ్ కాగితాలు కావాలని నిన్న మెయిల్ వచ్చింది. డైరీ జిరాక్సులు తీయించి, పక్కన తెలుగూ ఇంగ్లీషూ రాసి, రేపు పంపాలి.